రంగం వానలో దిగిన పచ్చ విమానం: ఎమీ జాన్సన్ కథ

మన ఇళ్లలో పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అనేవారు. యానాం, కోరంగి, కాకినాడ వైపు నుంచి ఓడెక్కి రంగం వెళ్లినవాళ్లు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, వెళ్లి మళ్లీ రానివాళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. కోరంగి రేవు పేరే అక్కడ తెలుగు కూలీకి పేరైపోయింది. మనవాళ్లని కోరంగీలనే పిలిచేవారు. 1930 మే నెల ఆ కోరంగీలకి చెడ్డ నెల. మే 5న పెగూ భూకంపం, రంగంలో కూడా ఇళ్లు కూలాయి. ఆ వారంలోనే ఓడరేవులో తెలుగు కూలీల సమ్మె. మే 26న అదే గొడవ ముదిరి రంగం వీధుల్లో మనవాళ్ల మీద దాడులు, వందమందికి పైగా చావులు.

భూకంపానికీ ఆ చావులకీ మధ్యన, మే 13న, రంగం పక్కనే ఉన్న ఇన్‌సీన్‌లో వాన కురుస్తుండగా ఒక ఆటస్థలంలోకి చిన్న ఆకుపచ్చ విమానం దిగింది. దిగింది గానీ ఆగలేదు. ముందుకు జారుకుంటూ పోయి గుంటలో పడింది. రెక్క చిరిగింది, చక్రాల కాళ్లు విరిగాయి, ముందున్న పంఖా ముక్కలైంది. అందులోంచి బయటికొచ్చిన మనిషి 26 ఏళ్ల ఇంగ్లీషు అమ్మాయి. ఒంటరిగా లండన్ నుంచి ఆస్ట్రేలియా వెళ్తోంది.

ఆమె పేరు ఎమీ జాన్సన్. తెలుగు మనిషి కాదు. అయినా ఆమె కథ ఇక్కడ రాయాలని మాకు అనిపించడానికి కారణం రంగం ఒక్కటే కాదు. ఆమె కీర్తి గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ చిన్న విమానం ఎలా నడిచేదో, ఎక్కడ సతాయించేదో తెలిస్తే తప్ప ఆమె చేసిన పని ఏమిటో అర్థం కాదు. అందుకని ఇందులో విమానం సంగతి కూడా మనిషి సంగతంత ఉంటుంది.

ఎమీ 1903 జూలై 1న ఇంగ్లండ్ తూర్పు తీరంలో హల్ అనే రేవు పట్నంలో పుట్టింది. తండ్రి చేపల వ్యాపారి. కలిగిన కుటుంబమే. నలుగురు ఆడపిల్లల్లో ఆమె పెద్దది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుంది. చదివిన చదువుకి తగ్గ ఉద్యోగం ఆ రోజుల్లో ఆడపిల్లకి ఎక్కడ దొరుకుతుంది? లండన్‌లో ఒక న్యాయవాది ఆఫీసులో కార్యదర్శిగా చేరింది. ఏళ్ల తరబడి నమ్ముకున్న ప్రేమ 1928లో తెగిపోయింది. అదే సంవత్సరం లండన్ ఉత్తరాన స్టాగ్ లేన్ మైదానంలో చిన్న చిన్న విమానాలు ఎగరడం చూసి, అక్కడి లండన్ ఏరోప్లేన్ క్లబ్బులో చేరింది. జీతం మీద బతికే గుమాస్తా ఎగరడం నేర్చుకోవడమా అని ఆశ్చర్యం కలగవచ్చు. అది కుదరడానికి కారణం ఆ విమానమే.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో విమానాలు మిగిలాయి గానీ మామూలు మనిషి కొనగలిగేది, నడపగలిగేది ఒక్కటీ లేదు. జెఫ్రీ డి హావిలాండ్ అనే తయారీదారు ఆ లోటు తీర్చాడు. యుద్ధం మిగిల్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు చవగ్గా పడి ఉంటే, వాటిని సగం చేసి నాలుగు సిలిండర్ల చిన్న ఇంజన్ తయారు చేయించాడు. దాన్ని చెక్క చట్రం మీద గుడ్డ కప్పిన రెండు జతల రెక్కల విమానానికి బిగించి 1925 ఫిబ్రవరి 22న తనే ఎగరేశాడు. ఆయనకి రెక్కల పురుగుల పిచ్చి ఉండేది. పట్టి, పరిశీలించి, పేర్లు పెట్టుకునేవాడు. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుని ఇంగ్లీషులో మాత్ అంటారు. విమానం రెక్కలు కూడా ఆ పురుగు రెక్కల్లాగే వెనక్కి ముడుచుకునేవి. పేరు అలా వచ్చింది. రెక్కలు ముడిస్తే మూడు మీటర్ల వెడల్పు కూడా ఉండదు. గడ్డి కొట్టంలో పెట్టుకోవచ్చు, కారు వెనక కట్టి లాక్కుపోవచ్చు. పాత ఇంజన్లు అయిపోవస్తుంటే జిప్సీ అని కొత్త ఇంజన్ పెట్టారు. అదే జిప్సీ మాత్. 1925లోనే బ్రిటిష్ ప్రభుత్వం విమాన క్లబ్బులకి డబ్బు సాయం మొదలుపెట్టడంతో ఎమీ లాంటి గుమాస్తాలకి కూడా ఆ తలుపు తెరుచుకుంది.

మాత్‌లో ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. పైన కప్పు ఉండదు. ఒక్కరే ఎగిరితే వెనక సీట్లోంచి నడపాలి. ముందు సీటు విమానం బరువు నిలిచే చోటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అందులో మనిషి ఉన్నా లేకపోయినా తూకం పెద్దగా చెడదు. శిష్యుడు వెనక, గురువు ముందు. ఇద్దరి మధ్య మాటలకి ఒక రబ్బరు గొట్టం. ఆ గొట్టం చివర్లు తలకి పెట్టుకున్న తోలు టోపీ చెవుల దగ్గర బిగుతుగా అంటుకుని ఉంటేనే మాట వినపడుతుంది. ఎమీ మొదటి పాఠానికి ఇచ్చిన టోపీ ఆమె తలకి వదులు. గురువు ఏం చెప్పాడో సగం వినపడలేదు. ఆయన దిగి, ఈ పిల్లకి ఎగరడం అబ్బదని పెదవి విరిచాడని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. టోపీది తప్పని ఎవరికీ తట్టలేదు.

ఆమె ఒంటరిగా ఎగరడానికి దాదాపు 16 గంటల శిక్షణ పట్టింది. మిగతావాళ్లకి ఎనిమిది, పది గంటలు చాలేవి. ఈ లెక్కని దాచాల్సిన పని లేదు. గాల్లో బాగానే ఉండేది. దించడం దగ్గరే తంటా. ఆ తంటా ఆమెది కొంత, విమానానిది కొంత.

విమానం సంగతి చూద్దాం. మాత్‌కి స్టార్టర్ ఉండదు. ఒకరు ముందు నిలబడి పంఖాని చేత్తో తిప్పాలి, అది అందుకోగానే వెనక్కి తప్పుకోవాలి. చక్రాలకి బ్రేకులు ఉండవు. కింద అడ్డుచెక్కలు పెట్టి ఆపుతారు, అవి లాగేస్తే కదులుతుంది. తోక కింద చక్రానికి బదులు ఒక చిన్న పాదం లాంటిది నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. గడ్డి నేల మీద ఆ పాదం గీసే గీతే దానికున్న బ్రేకు. గట్టి నేల మీద, తడి నేల మీద ఆ పాదం పట్టదు, జారిపోతుంది. పక్కగాలి కొడితే విమానం కోడిపుంజులా గాలికెదురు తిరిగి నిలబడాలని చూస్తుంది. అందుకే గాలి రోజున నేల మీద నడపాలంటే రెక్క చివర పట్టుకుని ఒక మనిషి పక్కన నడవాల్సి వచ్చేది.

ఎగరడానికి పెద్ద కష్టం లేదు. ఖాళీగా నాలుగు వందల కిలోలకి కాస్త ఎక్కువ బరువు, తొమ్మిది మీటర్ల రెక్కలు రెండు జతలు, వంద గుర్రాల ఇంజన్. కాస్త పరుగెత్తగానే తేలిపోతుంది. గాల్లో గంటకి 135 కిలోమీటర్ల చొప్పున సాగుతుంది. కర్ర ముందుకీ వెనక్కీ కదిపితే ముక్కు వెంటనే మాట వింటుంది. పక్కకి వంచడం దగ్గర మాత్రం బద్ధకం. వంపు తిప్పే పలకలు కింది రెక్కలకే ఉంటాయి, పైరెక్కలకి ఉండవు. కర్రతో వంచి ఊరుకుంటే ముక్కు అడ్డంగా జారుతుంది. కాళ్లతో తోక చుక్కానిని కూడా అదే లెక్కలో తొక్కాలి. చేతులొక్కటే నేర్చుకుని కాళ్లు మరిచినవాడికి ఈ విమానం సరిగ్గా తిరగదు. డి హావిలాండ్ ఆ పలకల్లో పైకి లేచేది ఎక్కువగా, కిందికి వాలేది తక్కువగా కదిలేలా అమర్చి ఆ జారుడుని కొంత తగ్గించాడు. పూర్తిగా పోలేదు.

దించడం వేరే విద్య. బరువుకి రెక్కలు పెద్దవి కావడంతో దిగేటప్పుడు నేలకి మీటరు ఎత్తులో కూడా తేలుతూనే ఉంటుంది, కూర్చోనంటుంది. వేగం కాస్త ఎక్కువైతే మైదానం సగం దాటిపోతుంది. తక్కువైతే, గంటకి 70 కిలోమీటర్ల దగ్గర, రెక్క గాలి వదిలేస్తుంది, పైనుంచి ధబ్బున పడుతుంది. వేగం తగ్గించే ఫ్లాపులు లేవు. ఎత్తు ఎక్కువైతే ఒక రెక్క వంచి, ఎదురు కాలు తొక్కి, పీతలా అడ్డంగా జారుతూ దిగాలి. ఆఖరి క్షణంలో తిన్నగా చేసుకుని, ముక్కు ఎత్తి, రెండు చక్రాలూ తోక పాదమూ మూడూ ఒకేసారి నేలని తాకేలా కూర్చోబెట్టాలి. ముక్కు ఎత్తగానే ముందున్న ఇంజన్ నేలని కప్పేస్తుంది. వెనక సీట్లో ఉన్న మనిషికి ఎదురుగా ఏమీ కనపడదు. తల పక్కకి పెట్టి, ఇంజన్ పక్కనుంచి కనిపించే గడ్డిని బట్టి ఎత్తు అంచనా కట్టాలి. ముందు చక్రాలు తగిలితే బంతిలా ఎగురుతుంది. ఎగిరినప్పుడు కంగారుపడి కర్ర ముందుకి తోస్తే ఇంకా పెద్దగా ఎగురుతుంది.

గాల్లో ఎన్ని తప్పులు చేసినా మాత్ సర్దుకుంటుంది. దిగేటప్పుడు చేసిన తప్పు అక్కడికక్కడే చూపిస్తుంది. వంటలో చేయి తిరిగిన మనిషి అన్నం వార్చడంలో తడబడినట్టు ఎమీ కూడా ఈ ఒక్క చోట తడబడేది. తడబడుతూనే వేల మైళ్లు పోయింది.

ఆమె బలం వేరే చోట ఉంది. క్లబ్బు షెడ్డులో జాక్ హంఫ్రీస్ అనే ప్రధాన మెకానిక్ ఉండేవాడు. తెల్లవారుజామున, ఆఫీసుకి వెళ్లే ముందు, సాయంత్రం వచ్చాక, ఎమీ ఆయన దగ్గర పని నేర్చుకునేది. ప్లగ్గులు తీసి తుడవడం, వాల్వుల మధ్య సందు సరిచేయడం, ఇంజన్ విప్పి మళ్లీ బిగించడం, చిరిగిన రెక్కకి గుడ్డ కుట్టి దాని మీద బిర్రుగా పట్టే రసాయనం పూయడం. కందెన మరకల చేతులతో షెడ్డులో తిరిగే ఆడపిల్లని మొదట్లో నవ్విన మెకానిక్కులే తర్వాత జానీ అని మగపిల్లాడి పేరుతో పిలిచేవారు. 1929 జూలైలో పైలట్ లైసెన్సు వచ్చింది. అదే ఏడు చివర్లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు. బ్రిటన్‌లో ఆ రెండోది పొందిన మొదటి మహిళ ఆమే. మా దృష్టిలో ఆస్ట్రేలియా ప్రయాణం మొదలైంది ఆ రెండో కాగితంతోనే.

ఉద్యోగం మానేసింది. 600 పౌండ్లకి ఒక పాత జిప్సీ మాత్ కొన్నారు. ఖర్చు కొంత తండ్రిది, కొంత నూనెల వ్యాపారి వేక్‌ఫీల్డ్ ప్రభువుది. దారి పొడవునా పెట్రోలు, కందెన సిద్ధంగా ఉంచే ఏర్పాటు కూడా ఆయనదే. విమానానికి ముదురాకుపచ్చ రంగు వేసి, తండ్రి చేపల వ్యాపారపు గుర్తు పేరు జేసన్ అని రాశారు. ముందు సీటు తీసేసి అక్కడ అదనపు పెట్రోలు ట్యాంకు పెట్టారు. పక్కన ఒక పంఖాని అదనంగా కట్టుకుంది. రేడియో లేదు. అప్పటికి ఆమె ఎగిరిన గంటలు మొత్తం వంద కూడా లేవు. ఒంటరిగా చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి పుట్టింటికి, హల్‌కి.

1930 మే 5 పొద్దున లండన్ క్రాయ్‌డన్ నుంచి బయల్దేరింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు తండ్రి, కొద్దిమంది స్నేహితులు. ఇక్కడే మాత్ మరో గుణం బయటపడింది. పెట్రోలు నింపిన జేసన్ ఆమెకి అలవాటైన జేసన్ కాదు. బరువుతో మొదటి పరుగులో లేవనే లేదు. ఆపి, వెనక్కి తిరిగి, మళ్లీ పరుగెత్తిస్తే మైదానం చివర్లో కష్టం మీద లేచింది. మామూలు మాత్‌లో పెట్రోలు పైరెక్క మధ్యనున్న ట్యాంకులోంచి తనంతట తనే ఇంజన్‌లోకి జారుతుంది. అదనపు ట్యాంకులోది మాత్రం చేతిపంపుతో కొట్టి పైకి ఎక్కించుకోవాలి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పంపు. కారిన పెట్రోలు వాసనకి కడుపులో తిప్పి వాంతులయ్యాయి. అలా వియన్నా, ఇస్తాంబుల్, అలెప్పో.

టారస్ కొండల్లో మబ్బు కమ్మితే పైకి ఎక్కి దాటే శక్తి ఆ బరువుతో జేసన్‌కి లేదు. రైలు దారి పట్టుకుని కొండ సందుల్లోంచే పోయింది. ఒక మలుపులో మబ్బు కప్పేసి, ఎదురుగా బండ గోడ కనిపించి, చివరి క్షణంలో వంచి తప్పించుకుంది. బాగ్దాద్ దారిలో ఇసుక తుఫాను చిన్న విమానాన్ని ఎండుటాకులా ఆడించింది. కిందేం ఉందో కనపడకపోయినా ఎడారిలో దించేసింది. దిగాక అసలు పని. బ్రేకుల్లేని విమానం గాలికి వెనక్కి దొర్లిపోతోంది. సామాన్లు దించి చక్రాలకి అడ్డుపెట్టి, ఇంజన్‌కి గుడ్డ కప్పి, తోక లేవకుండా దాని మీద కూర్చుంది. చేతిలో తుపాకీ, దూరంగా కుక్కల అరుపులు. గాలి తగ్గేదాకా అలాగే ఉంది. బాగ్దాద్‌లో దిగేటప్పుడు చక్రాల కాడ విరిగింది.

మే 10న కరాచీ చేరేసరికి ఆరు రోజులు. అంతకు రెండేళ్ల ముందు బెర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియా పైలట్ ఇదే దారిలో మొత్తం పదిహేనున్నర రోజుల్లో చేరాడు. కరాచీ దాకా అతని కంటే ఆమెకి రెండు రోజులు మిగిలాయి. అప్పటిదాకా పట్టించుకోని పత్రికలు ఒక్కసారిగా మేల్కొన్నాయి.

మర్నాడు అలహాబాద్ చేరాల్సింది. ఎదురుగాలికి పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దించింది. ఆ మైదానం మాత్‌కి సరిపోలేదు. జేసన్ సైనికుల మధ్యనుంచి, చెట్ల మధ్యనుంచి దొర్లుకుంటూ పోయి బారకాసుల దగ్గర రెక్క తగిలించుకుని ఆగింది. ఊళ్లో వడ్రంగిని పిలిపించారు. అతను రెక్క చట్రం సరిచేశాడు. దర్జీ కూడా ఒక చెయ్యి వేశాడు. వాళ్ల పేర్లు మనకి మిగల్లేదు. ఎమీకి వచ్చిన బిరుదులన్నీ పుస్తకాల్లో ఉన్నాయి గానీ ఆ వడ్రంగి పేరు ఒక్కచోటా కనపడదు. అది మాకు కాస్త బాధే.

అలహాబాద్, కలకత్తా దాటి మే 13న రంగం. ఆ దారంతా వాన. గుడ్డ కప్పిన రెక్కల మీద, కప్పులేని సీట్లో కూర్చున్న మనిషి మీద వాన. రంగంలో గుర్రపు పందేల మైదానంలో దిగమని చెప్పారు. మబ్బు కిందనుంచి వెతుక్కుంటూ రైలు దారి వెంట వస్తే ఒక పచ్చిక మైదానం, చుట్టూ మనుషులు కనిపించారు. అదేననుకుంది. అది ఇన్‌సీన్‌లోని ఇంజనీరింగ్ విద్యాలయం ఆటస్థలం. చిన్నది. తడి గడ్డి మీద తోక పాదం పట్టలేదు. పైన చెప్పిన గుణాలన్నీ ఒక్కచోట కలిసొచ్చాయి. తేలే రెక్కలు, ముందు కనపడని ముక్కు, లేని బ్రేకులు. గుంట చివర ఉంది.

పడితే పడ్డది గానీ సరైన చోటే పడింది. అది పనులు నేర్పే విద్యాలయం. వడ్రంగం, ఇనుప పని, యంత్రాల పని తెలిసిన ఉపాధ్యాయులు, విద్యార్థులు అక్కడే ఉన్నారు. విరిగిన కమ్మీలకి కొత్తవి చేశారు. చిరిగిన రెక్కకి విమానపు గుడ్డ కావాలి. రంగంలో అది ఎక్కడ దొరుకుతుంది? యుద్ధంలో మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలు అక్కడ ఉన్నాయని తేలింది. ఆ చొక్కాలు విప్పి రెక్కకి వేశారు. విరిగిన పంఖా స్థానంలో పక్కన కట్టుకొచ్చిన రెండోది ఎక్కింది. ఇంజన్ పని ఎమీ తనే చూసుకుంది. గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు అక్కరకొచ్చిన చోటు అది. మూడు రోజులు పట్టింది. మే 16న మళ్లీ ఎగిరింది. హింక్లర్ మీద సంపాదించిన రెండు రోజులూ ఇన్‌సీన్‌లోనే పోయాయి. ఆ రికార్డు ఆమెకి ఇక దక్కలేదు.

అప్పటికి కొద్ది మైళ్ల దూరంలో రేవులో మనవాళ్ల సమ్మె సాగుతూనే ఉంది. ఓడల్లో సరుకు ఎత్తేది వాళ్లే. వాళ్ల స్థానంలో బర్మా కూలీలని పెట్టడం, తర్వాత సమ్మె తీరగానే వాళ్లని పంపేయడం మే 26 గొడవలకి నిప్పు పెట్టాయి. ఆ వేళకి ఎమీ ఆస్ట్రేలియాలో ఉంది. ఈ రెండు సంగతులతోనూ రంగం పేరు ఆ నెల ప్రపంచ పత్రికల్లోకి వచ్చింది. ఏది ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చిందో చెప్పనక్కర్లేదు.

బ్యాంకాక్, సింగోరా, సింగపూర్, జావా. జావాలో ఒక చెరకు తోటలో దింపితే పాతి ఉన్న వెదురు కర్రలు కింది రెక్కని పొడిచాయి. ఆ చిల్లులకి గాయాలకి వేసే పట్టీలు అంటించి ముందుకు కదిలింది. తిమోర్ దీవి చివరినుంచి ఆస్ట్రేలియాకి ఎనిమిది వందల కిలోమీటర్ల సముద్రం. ఒకే ఇంజన్. కింద దించే చోటు లేదు. మధ్యలో ఒక పెట్రోలు ఓడ కనపడింది. మే 24 మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా డార్విన్‌లో దిగింది. పందొమ్మిదిన్నర రోజులు. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ అయింది.

అయిదు రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో, వేలమంది చూస్తుండగా, మళ్లీ అదే. ఎత్తు ఎక్కువగా వచ్చి, మైదానం దాటిపోయి, కంచె తగిలి జేసన్ తలకిందులైంది. ఆమెకి దెబ్బలు తగల్లేదు. అప్పటికి ఆ మనిషి అలసిపోయి ఉంది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కణ్నించి వేరే విమానాల్లో ప్రయాణికురాలిగా తిప్పారు. ఒక దాన్ని నడిపినవాడు జిమ్ మోలిసన్ అనే కుర్ర పైలట్. 1932లో అతన్నే పెళ్లి చేసుకుంది.

బ్రిటన్ రాజు నుంచి సీబీఈ బిరుదు, ఒక పత్రిక ఇచ్చిన పదివేల పౌండ్లు, వీధుల్లో జనం. ఆ జనం ఆమెకి పడలేదు. దేశమంతా తిప్పి ప్రదర్శించే ఒప్పందం మధ్యలోనే ఆరోగ్యం దెబ్బతింది. మళ్లీ కుదుటపడింది ఎగరడం మొదలుపెట్టాకే. 1931లో పాత గురువు హంఫ్రీస్‌ని వెంటబెట్టుకుని టోక్యో వెళ్లింది. 1932 నవంబరులో ఒంటరిగా దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కి ఎగిరి భర్త రికార్డునే బద్దలుకొట్టింది.

ఈ రెండు ప్రయాణాలూ పస్ మాత్ అనే విమానంలో. దాని గురించి బళ్లారి పాఠకులకి ఒక మాట. ఎమీ కేప్‌టౌన్ వెళ్లడానికి నెల ముందు, 1932 అక్టోబర్ 15న, జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు తెచ్చింది అదే రకం విమానంలో. అక్కణ్నించి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకి చేర్చాడు. పస్ మాత్‌కి రెక్క ఒక్క జతే, కప్పున్న గది, వేగం ఎక్కువ. తేలే జబ్బు దానికీ ఉంది. దానికో చిత్రమైన మందు పెట్టారు. చక్రాల కాళ్ల మీద కప్పిన రేకుల్ని సీట్లోంచే అడ్డంగా తిప్పితే గాలికి అడ్డుపడి వేగం తగ్గేది. జేసన్‌కి అలాంటిది ఉండి ఉంటే ఇన్‌సీన్ గుంట తప్పేదేమో. పస్ మాత్ పూర్తిగా మంచిదని కూడా అనలేం. మొదట్లో కొన్నిటికి గాల్లోనే రెక్కలు ఊడాయి. బెర్ట్ హింక్లర్ 1933 జనవరిలో ఇటలీ కొండల్లో కూలి చనిపోయింది కూడా పస్ మాత్‌లోనే.

జిప్సీ మాత్ చిన్న చెల్లెలు టైగర్ మాత్. రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ బేగంపేటలో మన కుర్రాళ్లు ఎగరడం నేర్చుకున్నది దాని మీదే. బ్రేకుల్లేకపోవడం, తోక పాదం, ముందు కనపడని ముక్కు అన్నీ అక్కడా అవే.

భార్యాభర్తలు కలిసి చేసిన ప్రయాణాలు అంతగా కలిసిరాలేదు. 1933లో అట్లాంటిక్ దాటి అమెరికాలో రాత్రిపూట దిగబోయి విమానం ముక్కలైంది. నడిపింది జిమ్. 1934లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా పందెంలో కామెట్ అనే వేగమైన విమానంతో కరాచీ దాకా అందరికంటే ముందున్నారు. రాత్రి దారి తప్పి జబల్పూర్‌లో దిగితే మంచి పెట్రోలు దొరకలేదు. దొరికిందేదో పోస్తే ఇంజన్లు చెడిపోయి అలహాబాద్‌లో పందెం వదులుకున్నారు. 1936లో మళ్లీ ఒంటరిగా కేప్‌టౌన్ రికార్డు గెలిచింది. ఆమె చివరి పెద్ద ప్రయాణం అదే. 1938లో విడాకులు.

తర్వాత పనికోసం వెతుక్కున్న ఏళ్లు. అంత పేరున్న పైలట్‌కి కూడా ప్రయాణికుల విమానం నడిపే ఉద్యోగం స్థిరంగా దొరకలేదు. ఆడది కావడం తప్ప వేరే కారణం మాకు కనపడదు.

యుద్ధం వచ్చాక 1940లో ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీలో చేరింది. ఫ్యాక్టరీల నుంచి, మరమ్మతు షెడ్ల నుంచి విమానాలని వైమానిక స్థావరాలకి చేర్చే పని. ఇవాళ ఒక రకం, రేపు మరో రకం. రేడియో లేకుండా, కిందున్న నేలని చూసుకుంటూ పోవాలి. మాత్‌లో దిక్సూచీ, మ్యాపూ పట్టుకుని ఖండాలు దాటిన మనిషికి అది తెలిసిన పనే.

1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కి రెండింజన్ల శిక్షణ విమానం తీసుకుని బయల్దేరింది. కింద మబ్బు, మంచు. గంటన్నర పట్టే ప్రయాణం. అంతకంటే చాలా సేపటి తర్వాత, దారికి ఎంతో దూరాన, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, హెర్న్ బే దగ్గర పారాషూట్‌తో నీళ్లలోకి దిగడం నావికాదళపు ఓడ హేసిల్‌మియర్ వాళ్లు చూశారు. గడ్డకట్టే చలి. ఓడ కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ నీళ్లలోకి దూకాడు. ఆమెని పట్టుకోలేకపోయాడు. ఆ చలికి ఆయన కూడా చనిపోయాడు. ఎందుకు దారి తప్పింది, పెట్రోలు అయిపోయిందా, వేరే ఏమైనా జరిగిందా అన్నది ఇంకా వాదనగానే ఉంది. శవం దొరకలేదు. 37 ఏళ్లు.

జేసన్ మాత్రం ఉంది. లండన్ సైన్స్ మ్యూజియంలో, ఆకుపచ్చ రంగుతో, రెక్కలు విప్పుకుని.